రెండు పేర్ల పద్దు

ఏడో తారీఖులోపు మసేరుకి లెక్క పంపాలి.
ఇవాళ ఐదు.
బయట మలూటీ కొండల మీద మంచు,
లోపల సోలార్ బ్యాటరీలో పంతొమ్మిది శాతం.

రిజిస్టర్లో క్షయరోగులు నలభై ఒక్కరు,
తెరమీద నలభై ఇద్దరు.
పైనుంచి కిందికి, కిందనుంచి పైకి
నర్సు లిమ్ఫో పేర్లు చదువుతుంటే
నేను ఒక్కో జొన్నగింజా పక్కకి జరిపాను.
ఒక గింజ మిగిలిపోతూనే ఉంది.

"ఎలుక తెచ్చి పడేసిందేమోలే త్లొత్లిసో" అంది లిమ్ఫో.
మసేరులో ఇలాంటివాటికి నవ్వరు.
నిరుడు ఒక్క తేడాకే
మందుల పెట్టె మూడు వారాలు దారిలో ఆగింది.

వెతగ్గా వెతగ్గా ఎర్రరంగులో ఒక పేరు.
పులెంగ్ మొఖెథి, అప్పటికి పందొమ్మిదేళ్లు.
రెండు నెలలు మందు మింగింది, మానేసింది.
ఆచూకీ లేదు, అంటుంది కంప్యూటర్.

ఆమె కోసం గుర్రమెక్కి రెండుసార్లు వెళ్లింది నేనే.
వాళ్లమ్మ గుమ్మంలోంచే చెప్పింది:
"పులెంగా? ఆ పేరుగలవాళ్లు ఇప్పుడీ ఇంట్లో లేరు."
పోయిందేమో అనుకున్నాను.
ఆ గడి నింపబోతే తేదీ అడిగింది.
నా దగ్గర తేదీ లేదు.

మధ్యాహ్నం ఒకామె వచ్చింది.
దుప్పటికి పెద్ద పిన్నీసు, ఐదోనెల కడుపు,
రొట్టెల ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బుకానా,
మా దేశంలో ప్రతి రోగీ వెంట తిరిగే చిన్న పుస్తకం.
"పేరు?"
"మాన్యకల్లో."

మా రాతలో ఆ పేరు ముందు చిన్న కొక్కెం ఉంటుంది.
కొట్టాను.
చెల్లని గుర్తు, అంది కంప్యూటర్.
కొక్కెం తీసేశాను, దొరికింది.
ఇరవైయొకటి. సెన్కు ఏటి అవతలి క్లినిక్.
క్షయ: పూర్తిగా నయం.

బుకానా తెరిస్తే మొదటి పేజీలో
నా చేతిరాతే.
పులెంగ్.

పెళ్లయిన పిల్లకి అత్తింటివాళ్లు
ఇంకా పుట్టని బిడ్డ పేరు ముందే ఎంచి
ఆ బిడ్డ తల్లీ అని పిలుస్తారు.
మాకిది వింత కాదు.
కంప్యూటర్‌కే ఒక మనిషి తప్పిపోయి
ఇంకో మనిషికి నయమైంది.

నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే అడిగాను:
"న్యకల్లోకి టీకాలన్నీ పడ్డాయా?"

ఆమె రొట్టెల సంచి మడతలు సాపు చేస్తోంది.
"పదకొండు రోజులుంది" అంది.
ఏరు పొంగిన వారం,
గొర్రెలకాపరుల గుడిసెలో పుట్టిందట.

పుట్టినట్టు మా పుస్తకంలో లేదు.
పోయినట్టూ లేదు. ఏటి అవతలా లేదు.
ఆ ఏడాది నేను పంపిన గోష్వారాలో
శిశుమరణాలు: సున్నా.
ఆ సున్నాని మెచ్చుకుంటూ పైనుంచి ఉత్తరమొస్తే
గోడకి అతికించాం.

తెర అడుగుతోంది: ఈ ఇద్దరూ ఒక్కరేనా?
కలిపితే మళ్లీ విడదీయలేరు. ఏ పేరు ఉంచాలి?

తెరని ఆమెవైపు తిప్పాను.
చాలాసేపు చూసింది.
"అమ్మ మరిచిపోయినప్పుడు
నన్నింకా పులెంగ్ అనే పిలుస్తుంది.
ఈ పేరు కూడా తీసేస్తే
దాన్ని పిలిచేవాళ్లెవరు?"

నొక్కాను.
ఎరుపు పోయింది. నలభై ఒకటికి నలభై ఒకటి.
లిమ్ఫో మిగిలిన గింజని డబ్బాలో వేయబోయి
ఎందుకో ఆగి, కిటికీలో పెట్టింది.

రెండేళ్ల కిందటి ఆ నెల తెరిచాను.
గడువు దాటింది, మార్చడానికి వీల్లేదు.
పాత రిజిస్టర్ తీసి, అంచులో, పెన్నుతో:
న్యకల్లో. ఆడపిల్ల. పదకొండు రోజులు.
అంచులో రాసింది ఏ కూడికలోకీ రాదు, తెలుసు.

సిగ్నల్ కోసం కొండెక్కాలి, చీకటి పడకముందే.
వెళ్లేముందు గోడమీది ఉత్తరాన్ని గోరుతో గీకాను.
జిగురు గట్టిది.
కాగితమంతా పేలికలై వచ్చింది గానీ
సున్నా ఉన్న ముక్క
ఊడిరాలేదు.